చప్పుడు లేని పడవ

బిర్సానగర్, జంషెడ్‌పూర్
2024 నవంబర్ 6

బావకి,

పెట్టె నిన్న లారీ ఎక్కింది. రైల్లో పంపుదామనుకున్నాను గాని, లిథియం బ్యాటరీ అనగానే పార్సిల్ ఆఫీసువాడు తల అడ్డంగా ఊపేశాడు. ఐదారు రోజుల్లో శ్రీకాకుళం చేరుతుంది. అక్కడినుంచి కళింగపట్నం దాకా నువ్వే తెచ్చుకోవాలి. నలుగురిని తీసుకెళ్లు, బరువుంటుంది.

ఫోన్లో నీతో మాట్లాడే దారి లేదు. అప్పతో మాట్లాడితే "బాగున్నాం తమ్ముడా" తప్ప రెండో మాట రాదు. అందుకే మళ్లీ ఉత్తరాల్లో పడ్డాను. మా వీధి చివర పోస్టు డబ్బా ఇంకా ఉందని దీనివల్లే తెలిసింది.

వేసవిలో నువ్వు ఇక్కడికొచ్చినప్పుడు సాక్చీలో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాం కదా. ఆయన ఏమన్నాడని నువ్వు అడిగితే, మందులు రాశాడని కాగితం మీద రాసి చూపించాను. ఆయన అన్నది అది కాదు. ముప్పై ఏళ్లు డీజిల్ ఇంజను పక్కన కూర్చున్నవాడికి ఈమాత్రం మిగలడమే గొప్ప, ఇంకో రెండేళ్లు కూర్చుంటే ఇదీ ఉండదు అన్నాడు. నీకు ఆ రోజే చెప్పలేకపోయాను. ఆ మాట మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు.

మా గమ్హరియా వర్క్‌షాపులో మేం చేసేవి టోటోలకి, అదే ఇక్కడి కరెంటు ఆటోలకి, బ్యాటరీలు. ఊళ్లో తిరిగే ప్రతి మూడో టోటో కింద మేం బిగించిన పెట్టే ఉంటుంది. బండిని లాగే బ్యాటరీ పడవని ఎందుకు లాగదు అనిపించింది. డ్యూటీ అయ్యాక రోజూ రెండు గంటలు ఉండిపోయి మూడు నెలల్లో మోటారుతో సహా ఇది చేశాను. చాండిల్ డ్యాములో ఒక జాలరి పడవకు కట్టి చూశాం. నీళ్ల మీద కాగితం జారినట్టు వెళ్లింది బావా. ఒడ్డున కొంగ కూడా లేవలేదు.

జాగ్రత్తలు: పెట్టె మూత విప్పవద్దు. తడి చేత్తో ఛార్జరు ముట్టవద్దు. వేట నుంచి రాగానే వైర్ల మూతులు మంచినీళ్లతో తుడవాలి, ఉప్పు చాలా చెడ్డది. మెల్లగా పోతే నాలుగు గంటలు వస్తుంది, అంతకు మించి ఆశపడకు. పిడి కుడికి తిప్పితే వేగం, ఎడమకు తిప్పితే ఆగుతుంది. అంతే.

పెట్టె పక్కన ఎర్ర రంగుతో నా పేరు రాశాను. నవ్వుకోకండి.

ఎలా ఉందో నిజం రాయి.

నీ బావమరిది
గౌరీశంకర్


కళింగపట్నం
2024 నవంబర్ 29

శంకరానికి పోలరాజు దీవెనలు.

పెట్టె వచ్చింది. నలుగురితో కాలేదు, ఆరుగురు మోశారు. ఒడ్డునున్న వాళ్లంతా పెళ్లికూతురిని చూడ్డానికి వచ్చినట్టు వచ్చారు. పక్క పడవ అసిరయ్య దాని చుట్టూ మూడుసార్లు తిరిగి "ఇందులో ఇంజనేదిరా?" అన్నాడట. మీ అప్ప చెప్పింది.

కెరటాలు దాటేటప్పుడే భయపడ్డాను. దాటింది. పాత ఇంజనుకంటే ఒక గుక్క బలం తక్కువే గాని, ఇచ్చేదేదో తిప్పిన వెంటనే ఇస్తుంది. పొగ లేదు. చేతులకు నూనె అంటదు. నా చొక్కాకి ఇప్పుడు ఒట్టి చేపల వాసనేనని మీ అప్ప సూర్యకాంతం సంతోషపడుతోంది. ఛార్జింగు ఇంటి పంచలోనే పెడుతున్నాం. ఆ పక్కకి పిల్లి వచ్చినా చీపురు తీస్తోంది.

డాక్టరు మాట నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు. అతని మొహం చూస్తే తెలీదా? చెవి పోయినవాడికి మొహాలు చదవడమే పని.

ఒక్క సంగతి మాత్రం రాస్తాను. పాత ఇంజను ఉన్నప్పుడు అది తిరుగుతోందో లేదో నా అరికాళ్లకు తెలిసేది. పలక అదిరేది. ఏ అదురు మంచిదో ఏ అదురు రోగమో కూడా తెలిసేది. దీనికి అదురు లేదు. తిరుగుతోందా ఆగిందా అని మాటిమాటికీ వెనక్కి వంగి నీళ్లలో నురుగు చూసుకోవాల్సి వస్తోంది. కొత్త కదా, అలవాటవుతుంది.

పిల్ల శ్వేతని అడిగానని చెప్పు.

పోలరాజు


బిర్సానగర్
2025 జనవరి 9

బావకి,

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. వర్క్‌షాపులో అందరికీ హిందీలో చెప్పాను. కెరటాలు దాటిందన్న చోట మా వాళ్లు బల్ల మీద గుద్దారు.

పెద్ద కబురు. మా యజమాని దీపక్ బాబు దీన్ని తనే పైకి తేవాలనుకుంటున్నాడు. చాండిల్ డ్యాములో మునిగిపోయిన ఊళ్ల వాళ్లు ఇప్పుడు అదే నీళ్లలో చేపలు పట్టుకుంటున్నారు. వాళ్ల సంఘానికి ఇరవై పడవలకు ఇలాంటి బ్యాటరీలు, మోటార్లు పెట్టాలని మాట నడుస్తోంది. మార్చి ఇరవై రెండున ఆఫీసర్లు, సంఘం వాళ్లు అక్కడికి వస్తారు. ఒప్పుకుంటే పడవల విభాగం అని వేరే పెట్టి, దానికి నన్ను పెద్దని చేస్తానన్నాడు.

నీకు తెలుసు కదా, ఇరవై ఆరేళ్లుగా కాంట్రాక్టు పనిలో ఉన్నాను. నేను బిగించిన వైర్లతో ఎన్ని యంత్రాలు తిరుగుతున్నాయో నాకే లెక్క లేదు. ఏ గేటు దగ్గరా, ఏ కాగితం మీదా నా పేరు లేదు. ఈసారి ఉంటుంది.

దీపక్ బాబు ఒక ఉత్తరం కావాలన్నాడు. సముద్రంలో వాడినవాడి చేతిరాతతో, బ్యాటరీ బాగా పనిచేసిందని, ఏ ఇబ్బందీ లేదని, చప్పుడు లేకపోవడం ఎంతో మేలని. నీలాంటివాడు ఆ చప్పుడు మాట రాస్తే దాని బలమే వేరు. ఒక పేజీ చాలు.

మా శ్వేత పక్కనుండి ఇదంతా విని, "పాపా, ఫూఫాజీ సే ఏక్ బార్ పూఛా భీ థా, కి ఉన్‌కో క్యా చాహియే?" అంది. మావయ్యకి ఏం కావాలో ఒక్కసారైనా అడిగావా అని. దానికి అన్నీ పేచీలే. నీకు ఏం కావాలో నాకు తెలీదా?

ఫిబ్రవరి లోపల ఉత్తరం అందేలా చూడు.

శంకర్


కళింగపట్నం
2025 ఫిబ్రవరి 4

సంబంధించిన వారందరికీ,

నా పేరు బడే పోలరాజు. ముప్పై నాలుగేళ్లుగా సముద్రంలో వేట చేస్తున్నాను. గౌరీశంకర్ గారు తయారుచేసిన లిథియం బ్యాటరీతో మూడు నెలలుగా నా పడవ నడుపుతున్నాను. చాలా బాగా పనిచేస్తోంది. చప్పుడు లేదు, పొగ లేదు, ఖర్చు లేదు. చదువుకున్న పెద్ద ఇంజనీర్లు చేయలేని పని ఈయన చేశారు. ఇలాంటి బ్యాటరీలు మత్స్యకారులందరికీ అందాలని కోరుకుంటున్నాను.

ఇట్లు
బడే పోలరాజు

శంకరం, పైది నువ్వడిగిన ఉత్తరం. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అప్ప కాలికి గవ్వ గీసుకుంది, మానుతోంది. కంగారు పడకు.


బిర్సానగర్
2025 మార్చి 2

బావకి,

ఉత్తరం అందింది. దీపక్ బాబు దాన్ని హిందీలో రాయించి, రెండూ కలిపి అద్దం కట్టించాడు. వర్క్‌షాపు గోడకి వేలాడుతోంది. వచ్చిన ప్రతివాడికీ చూపిస్తున్నాడు.

నేను మాత్రం దాని కింద నిలబడ్డప్పుడల్లా తడబడుతున్నాను. అందులో నీ మాట ఒక్కటీ లేదు బావా. నువ్వు నన్ను 'గారు' అన్నావు. మంచి చెప్పినా దానికి ఒక కొక్కెం తగిలించకుండా నువ్వు వదలవు. ఈ పేజీలో ఒక్క కొక్కెమూ లేదు.

మొన్నామధ్య అప్పకి ఫోన్ చేశాను. "బాగున్నాం తమ్ముడా" అంది. వెనకనుంచి ఎవరో ఆడమనిషి, కట్టు మార్చాలి, కాలు పైకెత్తమ్మా అంటోంది. "ఎవరది?" అంటే, "టీవీలో" అని ఫోన్ పెట్టేసింది. గవ్వ గీసుకుంటే నెల కావస్తున్నా ఇంకా కట్టు మారుస్తారా?

ఇరవై రెండు దగ్గర పడుతోంది. నిజం చెప్పాలంటే, ఈ ఉత్తరం రాయకుండా నాలుగు రోజులు ఆగాను. అడిగితే నువ్వు చెబుతావని భయం. అయినా అడుగుతున్నాను.

అప్పకి ఏమైంది?

శంకర్


కళింగపట్నం
2025 మార్చి 10

శంకరానికి,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. అడగకపోతే ఎన్నాళ్లు దాచేవాణ్ణో నాకే తెలీదు.

జనవరి ఇరవై మూడు, పొద్దున్న తొమ్మిది అయింది. వేట నుంచి వచ్చాను. ఆ రోజు కవ్వళ్ల చేప బాగా పడింది. కెరటం తక్కువగా ఉంది. పడవ ఒడ్డుకి పూర్తిగా లాగకముందే మీ అప్ప గంప పట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలోకి వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే. నేను పిడి ఎడమకి తిప్పి లేచాను. గంప అందుకోవడానికి వంగినప్పుడు నా తుంటి పిడికి తగిలింది. అది కుడికి తిరిగింది. తిరిగినట్టు నాకు తెలియలేదు. పలక అదరలేదు. ఆమెకీ తెలియలేదు. కెరటానికి పడవ వెనక్కి ఒరిగి, నీళ్లలో తిరుగుతున్న మోటారు పంకా ఆమె కాలి మీదకి వచ్చింది.

నేను గంప వైపు చూస్తున్నాను. ఒడ్డున అసిరయ్య రెండు చేతులూ పైకెత్తి నోరు తెరిచాడు. అతని మొహం చూసి వెనక్కి తిరిగాను. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. మీ అప్ప అరుస్తోంది. ఆ అరుపు నాకు వినపడలేదు శంకరం. పెళ్లయి ముప్పై ఏళ్లయింది, ఆమె అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదట. నేను ఆమె నోరు చూశాను, అంతే.

కుడి పాదానికి చిటికెన వేలు, దాని పక్క వేలు తీసేశారు. మడమ నరం కుట్టారు. శ్రీకాకుళం ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులు. ఇప్పుడు ఇంట్లో ఉంది, నర్సమ్మ వచ్చి కట్టు మారుస్తోంది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది.

నీ జనవరి ఉత్తరం ఆసుపత్రిలో ఉండగానే వచ్చింది. అసిరయ్య తెచ్చిచ్చాడు. మంచం పక్కన కూర్చుని చదువుకుంటుంటే, గట్టిగా చదవమంది. చదివాను. పడవల విభాగం, ఇరవై ఆరేళ్లు, పేరు అన్నచోట కళ్లు మూసుకుంది. నేను పోస్టు కార్డు మీద నిజం రాసేస్తానన్నాను. నా మణికట్టు పట్టుకుంది.

"ఏటి రాత్తావు? ఆడి బతుకులో మొదటిపాలి ఆడి పేరు నలుగురు సూత్తన్నారు. నానేటీ సెప్పనియ్యను. కాగితం తియ్యి, నాను సెప్తాను."

నువ్వు గోడకి కట్టించుకున్న ఉత్తరం అలా రాసింది. అందులో మాటలు నావి కావని నువ్వు పట్టుకున్నావు. అవి మీ అప్పవి. ఆమె పెదాలు చూస్తూ ఒక్కో మాటా రాసుకున్నాను. 'చదువుకున్న పెద్ద ఇంజనీర్లు' అన్నచోట రెండుసార్లు చెప్పి, సరిగ్గా రాశానో లేదో కాగితం లాక్కుని చూసింది. కాలికి కట్టుతో.

ఈ నెలన్నరగా ఒక్కటే ఆలోచన. నా చెవులు తినేసిన ఆ ఇంజను చప్పుడు నాకొక్కడికే అనుకున్నాం నువ్వూ నేనూ. అది నాకోసం కాదు. నేను ఇదిగో ఇక్కడున్నాను, జరగండి అని చుట్టూ ఉన్నవాళ్లకి చెప్పేది. నీళ్లలో నిలబడ్డ ఆడవాళ్లు, ఈదేవాళ్లు, వల దులిపేవాళ్లు ఆ చప్పుడు విని పక్కకి తప్పుకునేవారు. దాన్ని తీసేసి దాని చోట ఏమీ పెట్టలేదు మనం. పిడి తనంతట తిరక్కుండా ఒక అడ్డు కూడా పెట్టలేదు. పెట్టలేదని నీమీద నేరం మోపడం లేదు. అరికాళ్ల సంగతి నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను, నువ్వు దాన్ని దాటేశావు. నేనూ అలవాటవుతుందని రాసి దాటేశాను. ఇద్దరం దాటేశాం. ఆమె నీళ్లలోకి దిగింది.

బ్యాటరీ మంచిదే. అది అబద్ధం కాదు. ఇప్పటికీ ఒక్క రోజు ఆగలేదు.

ఆ గోడమీది ఉత్తరాన్ని ఏం చేసుకుంటావో నీ ఇష్టం. ఇదీ నా చేతిరాతే. ఇది మీ అప్పకి తెలియకుండా రాస్తున్నాను.

పోలరాజు


బిర్సానగర్
2025 మార్చి 27

బావకి,

నీ ఉత్తరం పదిహేడున అందింది. గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడి చదివాను. ఆ రోజు డ్యూటీకి వెళ్లలేదు. సువర్ణరేఖ ఒడ్డున కూర్చుని సాయంత్రం ఇంటికెళ్లాను. నా మొహం చూసి శ్వేత నీళ్లిచ్చింది. ఉత్తరం చేతికిచ్చాను. దానికి తెలుగు చదవడం సరిగా రాదు కదా, నేనే చదవాల్సి వచ్చింది. సగంలో కాగితం మడిచేస్తే, "రహ్‌నే దో పాపా" అంది, వదిలెయ్యమని. వదిలెయ్యలేదు. చివరిదాకా చదివాను.

తర్వాత నేనేం చేశానో ఉన్నదున్నట్టు రాస్తాను. మంచివాడిలా కనబడాలని లేదు.

ఐదు రోజులు ఎవరికీ చెప్పలేదు. దీపక్ బాబుతో మాట్లాడుతూనే ఉన్నాను. పిడికి అడ్డు పెట్టేస్తే చాలు కదా, జరిగింది చెప్పడం దేనికి అనుకున్నాను. అద్దం దింపమని కూడా అడగలేదు. ఇరవై రెండు పొద్దున్న చాండిల్ వెళ్లే జీపు ఎక్కేటప్పుడు కూడా ఏం చెయ్యాలో తేల్చుకోలేదు. నీ ఉత్తరం మాత్రం చొక్కా జేబులో ఉంది.

గట్టున గుడారం వేశారు. ఆఫీసర్లు కుర్చీల్లో, సంఘం వాళ్లు టార్పాలిన్ మీద. నీళ్లలో మా మోటారు కట్టిన పడవ ఉంది. దీపక్ బాబు అద్దం పటం పైకెత్తి చూపించి, ఇది రాసింది ఈయన బావే, మీరే చెప్పండి గౌరీ బాబూ అని మైకు నా చేతికిచ్చాడు. అప్పుడు చూశాను. పడవ చుట్టూ నీళ్లలో ఐదారుగురు ఆడవాళ్లు పావడాలు ఎత్తి కట్టుకుని నిలబడ్డారు, దగ్గరనుంచి చూద్దామని. ఒకావిడ పంకా పక్కనే ఉంది. మోటారు స్విచ్ వేసే ఉంది. ఎవరికీ తెలీదు.

మైకులో మొదట అన్న మాట, "దీదీ, వహాఁ సే హటియే." అక్కడినుంచి జరగండి అని. తర్వాత జేబులోంచి నీ ఉత్తరం తీశాను. తెలుగులో ఒక వాక్యం చదివి హిందీలో చెప్పాను, మళ్లీ ఇంకో వాక్యం. దీపక్ బాబు దగ్గరికొచ్చి చెవిలో, "యే కౌన్ సా లెటర్ హై? బస్ కీజియే" అన్నాడు, ఇదేం ఉత్తరం, ఇక చాలించండి అని. ఆపలేదు. అడ్డు పెట్టకపోవడం నా తప్పేనని చెప్పి కూర్చున్నాను.

ఆఫీసర్లు ఏవో రాసుకుని లేచారు. అప్పుడు టార్పాలిన్ మీదనుంచి ఒక ముసలావిడ లేచింది. బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది, ఛార్జింగు ఎక్కడ పెట్టాలి, ఇవేవో అడుగుతుందనుకున్నాను. "ఉస్ దీదీ కా పైర్ అబ్ కైసా హై?" అంది. ఆ అక్క కాలు ఇప్పుడెలా ఉంది అని. నేను ఇంకా చూడలేదు కదా బావా. రెండు నెలలైంది. అదే చెప్పాను, ఇంకా చూడలేదని. ఆవిడ నన్ను అలాగే చూసి కూర్చుంది.

ఇరవై పడవల మాట ఆగిపోయింది. నన్ను మళ్లీ టోటో బల్ల మీదకి పంపేశారు. దీపక్ బాబు నాతో మాట్లాడటం లేదు. కానీ నాలుగు రోజుల తర్వాత సంఘం వాళ్లే వర్క్‌షాపుకి వచ్చారు. తప్పు తనే చెప్పినవాడు సరిచేస్తాడా అని అడిగారట. రెండు పడవలకు మాత్రం చేసివ్వండి, పిడికి అడ్డుతో సహా, ఒక ఏడాది వాడి చూసి చెబుతాం అన్నారు. దీపక్ బాబు కాదనలేదు.

ఏప్రిల్ పదిహేనునుంచి మీకు వేట నిషేధం. పడవ ఒడ్డునే ఉంటుంది. నేను పద్దెనిమిదిన వస్తున్నాను. సామాన్లు తెస్తున్నాను.

నువ్వు ఉత్తరం రాశావని అప్పకి నేనే చెబుతాను. తిట్లు నాకు పడనీ.

శంకర్


కళింగపట్నం
2025 మే 6

శంకరానికి,

నువ్వు క్షేమంగా చేరావని శ్వేత ఫోన్ చేసిందట.

వేట లేకపోయినా ఏట్లో తిప్పి చూస్తున్నాను, నువ్వు బిగించినవన్నీ బాగున్నాయి. పిడిని నొక్కి పట్టుకుంటే తప్ప తిరగడం లేదు. మణికట్టుకి కట్టుకునే తాడు బాగుంది, నేను లేచి ఒక్క అడుగు వేస్తే తాడు ఊడి కరెంటు ఆగిపోతోంది. టోటో వెనక్కి వచ్చేటప్పుడు కూసే ఆ హారను సంగతే నవ్వులాట. స్విచ్ వేయగానే అది కూస్తుంది, ఒడ్డునున్న తలలన్నీ నా వైపు తిరుగుతాయి. నాకు వినపడదు గాని, తలలు తిరిగాయంటే కరెంటు ఉందని నాకు తెలుస్తుంది. అసిరయ్య దాన్ని బావమరిది కూత అంటున్నాడు.

ఇక అసలు సంగతి. నువ్వు వెళ్లే ముందురోజు ఏరు సముద్రంలో కలిసే మొగలో పడవ తిప్పి చూశాం కదా, వలలు లేకుండా. "నానూ ఎక్కుతాను" అని మీ అప్ప పట్టుపట్టింది. ఇద్దరం ఎత్తి ముందువైపు కూర్చోబెట్టాం. నేను వెనక పిడి దగ్గర. నువ్వు మధ్యలో, ఆమెకి వీపు పెట్టి. ఒడ్డు దాటాక హారను ఆపేశావు.

అప్పుడు నువ్వు తల వంచుకుని చాలాసేపు మాట్లాడావు. నేను నీ పెదాలు చూడకుండా ఉండాలనే వంచావని తెలుసు. నేనూ నీళ్ల వైపు చూస్తూ ఉండిపోయాను. పాత ఇంజను మోతకి ఈ పడవలో ముందు కూర్చున్నవాడికి వెనక మాట ముప్పై ఏళ్లుగా వినపడలేదు. నీకూ ఆ అలవాటే ఉండిపోయినట్టుంది. చిన్నప్పుడు సెలవులకి వచ్చి నా ఇంజను పక్కన కూర్చున్నవాడివి.

ఆమెకి అంతా వినపడింది శంకరం.

నువ్వు వెళ్లిన మర్నాడు పొద్దున్న గంజి తాగుతుంటే నా ఎదురుగా కూర్చుని, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా ఒక్కో మాటా చెప్పింది. పెట్టె మీద పేరు రాయడం మరిచిపోలేదు, పిడికి అడ్డు పెట్టడం మరిచిపోయానన్నావట. ఇది బావకోసం చేశానని ఊరంతా చెప్పావుగాని చేసింది నీకోసమేనన్నావట. ఉత్తరం జేబులో పెట్టుకుని ఐదు రోజులు తిరిగినప్పుడు ఆమె కాలికంటే గోడమీది పటం గురించే ఎక్కువ ఆలోచించానన్నావట. చిన్నప్పుడు జ్వరం వస్తే నిన్ను వీపున మోసుకుని మైళ్లు నడిచింది ఆ కాలితోనే కదా అన్నావట. ఇవన్నీ ఆమె ముందు నిలబడి చెప్పే ధైర్యం లేదన్నావట.

చెప్పి, లోపలికెళ్లి ఈ కాగితం తెచ్చింది. గోడ పట్టుకోకుండా వెళ్లి, పట్టుకోకుండా వచ్చింది. ఇప్పుడు నా పక్కనే ఉంది. ఏం రాయాలో చెబుతోంది, నేను రాస్తున్నాను. ఈసారి ఇద్దరం కలిసే.

"ఆడు సెప్పిందంతా ఇన్నానని రాయి. కోపం లేదని రాయకు. ఉంది. అదీ రాయి. మల్లీ వచ్చినప్పుడు నా ఎదర కూకుని సెప్పమను. అప్పుడు నానూ సెప్తాను."

రాశాను.

నీ బావ
పోలరాజు